పట్టాలు కాదు, టైంటేబుల్

రైళ్ళ గురించి మనవాళ్ళతో మాట మొదలుపెడితే రెండు నిమిషాల్లో అది స్పీడు దగ్గరికి చేరుతుంది. "జపాన్‌లో మూడొందలు కొడుతుందట", "మన వందే భారత్ నూట అరవైకి తయారట", "అమెరికావాడు చంద్రుడి మీదకి వెళ్ళొచ్చాడు గానీ డాలస్ నుంచి హ్యూస్టన్‌కి ఒక సరైన రైలు వెయ్యలేకపోయాడు". వీకెండ్ పార్టీల్లో బిర్యానీ ప్లేటు చేతిలో పట్టుకుని నేనూ ఈ మాటలన్నీ అన్నవాణ్ణే. సరదా కబుర్లు, కాదనను. కానీ రైలు లైను బతకడానికీ చావడానికీ స్పీడుతో సంబంధం చాలా తక్కువ. బండి ఎంత గొప్పదన్నదానితో కూడా తక్కువే. రోజుకి ఎన్నిసార్లు నడుస్తుంది, ఆఖరి బండి ఎన్నింటికి, ఒకటి తప్పిపోతే ఇంకొకటి ఎప్పుడొస్తుంది? లైను తలరాత రాసేవి ఈ మూడు ప్రశ్నలే.

ఊరికే అనడం లేదు, సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం పేరు బడ్ రైల్ డీజిల్ కార్. పొట్టిగా ఆర్‌డీసీ. డెబ్బై అయిదేళ్ళు దాటిన బండి. దాని కథ తెలిస్తే మా డాలస్‌లో ఇప్పుడు నడుస్తున్న రైళ్ళ గురించీ, మన కోనసీమ అంచున నడిచి ఆగిపోయిన రైలు బస్సు గురించీ కూడా కొంత అర్థమవుతుంది.

ముందు రైలు కారు అంటే ఏమిటో చెప్పుకుందాం. మామూలు రైలుకి ముందు ఇంజను, వెనక పెట్టెలు. ఇంజను విప్పేస్తే పెట్టెలు కదలవు. అలా కాకుండా పెట్టె కడుపులోనే ఇంజను పెట్టేసి, బస్సులాగా దానంతట అదే నడిచేటట్టు చేస్తే అది రైలు కారు. మన డెమూలు, మెమూలు, హైదరాబాదు ఎంఎంటీఎస్, ఆఖరికి వందే భారత్ కూడా ఈ కుటుంబంలోవే. వేటికీ విడిగా తగిలించే ఇంజను ఉండదు. రెండు చివర్లా డ్రైవరు క్యాబిన్లుంటాయి కాబట్టి ఆఖరి స్టేషనులో ఇంజను విప్పి అటుదిటు తిప్పే తతంగం కూడా ఉండదు. డ్రైవరు ఈ చివర దిగి ఆ చివర ఎక్కితే బండి వెనక్కి బయల్దేరుతుంది.

ఆలోచన కొత్తదేమీ కాదు. యూనియన్ పసిఫిక్ రైల్వేలో విలియం మెకీన్ అనే ఇంజనీరు 1905లోనే పెట్రోలు ఇంజనుతో నడిచే రైలు కారు చేశాడు. పడవ ముక్కులాంటి ముందు భాగం, ఓడకున్నట్టు గుండ్రటి కిటికీలు. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉండేది గానీ గేర్లు, క్లచ్చిలతో యమ యాతన పెట్టేది. ఆ తర్వాత పెట్రోలు ఇంజనుతో కరెంటు పుట్టించి, ఆ కరెంటుతో చక్రాలు తిప్పే బళ్ళొచ్చాయి. జనం వాటిని 'డూడుల్‌బగ్' అని ముద్దుగా పిలుచుకున్నారు. జనం పెద్దగా లేని బ్రాంచి లైన్ల మీద ఇవే దిక్కు. అయితే వాటికి శక్తి తక్కువ. పైగా ఇంజను పెట్టె లోపలే తిష్ట వేసుకుని సగం చోటు తినేసేది.

ఈ చిక్కుముడిని సరిగ్గా విప్పింది ఫిలడెల్ఫియాలోని బడ్ కంపెనీ. తమాషా ఏమిటంటే ఈ కంపెనీ మొదట్లో పేరు తెచ్చుకున్నది కార్లకు ఉక్కు బాడీలు చేసి. అంటే రైళ్ళ నోటి దగ్గర కూడు తీసిన కార్లకి ఒంటి మీద చొక్కా కుట్టిపెట్టింది కూడా వీళ్ళే. 1930ల్లో స్టెయిన్‌లెస్ స్టీలు మీద పడ్డారు. దాన్ని మామూలుగా వెల్డింగు చేస్తే వేడికి అతుకు దగ్గర తుప్పు పట్టని గుణం పోతుంది. బడ్ ఇంజనీర్లు క్షణంలో చిన్న వంతు సేపు మాత్రమే పెద్ద కరెంటు పంపి అతికే 'షాట్‌వెల్డ్' పద్ధతి కనిపెట్టారు. వేడి పాకేలోపే పని అయిపోతుంది. ఆ పద్ధతితో చేసిన పయనీర్ జెఫిర్ రైలు 1934 మే 26న డెన్వర్ నుంచి చికాగోకి వెయ్యి మైళ్ళు పైచిలుకు దూరం ఎక్కడా ఆగకుండా పదమూడు గంటల చిల్లరలో వచ్చేసి దేశమంతా గగ్గోలెత్తించింది.

యుద్ధం అయిపోయింది. అమెరికా రైల్వేలకి యుద్ధకాలంలో కిటకిటలాడిన ప్రయాణికులు మెల్లమెల్లగా కార్లలోకి, బస్సుల్లోకి, విమానాల్లోకి జారిపోతున్నారు. ఆ సమయంలో, 1949 సెప్టెంబరులో, చికాగో యూనియన్ స్టేషనులో బడ్ తన కొత్త బండిని జనానికి చూపించింది. ఎనభై అయిదు అడుగుల పొడవు, తళతళలాడే గాళ్ళ స్టెయిన్‌లెస్ స్టీలు, తొంభై సీట్లు. ఇంజను ఎక్కడా కనపడదు. జనరల్ మోటార్స్ వాళ్ళ డెట్రాయిట్ డీజిల్ ఇంజన్లు రెండు, ఒక్కొక్కటి 275 హార్స్‌పవర్, నేల కింద ఒరిగించి పెట్టారు. రేడియేటర్లు తీసుకెళ్ళి పైకప్పు మీద ఒక మూపురంలో దాచారు. గేర్ల గొడవ లేకుండా, యుద్ధ ట్యాంకుల కోసం తయారైన టార్క్ కన్వర్టరును తెచ్చి అమర్చారు. డిస్క్ బ్రేకులు. గంటకి 85 మైళ్ళు, అంటే మన లెక్కలో 137 కిలోమీటర్లు.

నన్ను అడిగితే దాని అసలు గొప్పదనం స్పీడు కాదు. ఒక ఇంజను మొరాయిస్తే రెండోది ఇంటికి చేరుస్తుంది. పొద్దున్న రద్దీలో ఆరు కార్లు కలిపి ఒకే డ్రైవరు నడపొచ్చు, మధ్యాహ్నం విడదీసి ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకి పంపొచ్చు. ఏ కారుకి ఆ కారుకే ఇంజన్లున్నాయి కాబట్టి ఒకటున్నా ఆరున్నా ఊపు ఒకేలా ఉంటుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే లోడు పెరిగితే ఇంకో సర్వరు తగిలించు, తగ్గితే తీసెయ్యి. క్లౌడ్ అని ఈ రోజు మనం డబ్బు పుచ్చుకుని చెప్పే పాఠాన్ని ఫిలడెల్ఫియా వాళ్ళు 1949లోనే ఇనుముతో చెప్పారు.

1949 నుంచి 1962 దాకా మొత్తం 398 కార్లు తయారయ్యాయి. అంతా సీట్లే ఉన్నది ఆర్‌డీసీ-1, కొంత సామాను గది ఉన్నది ఆర్‌డీసీ-2, తపాలా గది కూడా ఉన్నది ఆర్‌డీసీ-3, ఇలా రకాలు. కెనడా, క్యూబా, ఆస్ట్రేలియా కొన్నాయి. గల్ఫ్‌లో ఉండి ఇది చదువుతున్నవాళ్ళకో ముచ్చట: సౌదీ ప్రభుత్వ రైల్వే కూడా వీటిని తెప్పించుకుంది.

ఇంతవరకూ వింటే సినిమాలో హీరో ఎంట్రీలా ఉంది కదా. ఇంత మంచి బండి వచ్చాక అమెరికాలో చిన్న లైన్లన్నీ పచ్చగా ఉండాలి. ఉన్నాయా? ఆర్‌డీసీలు నడిచిన లైన్లలో చాలాభాగం 1971లో ఆమ్‌ట్రాక్ పుట్టేనాటికే పోయాయి. బండి పాడై కాదు. ఆ కార్లు ఎంత మొండివంటే కొన్ని ఈ శతాబ్దంలో కూడా నడిచాయి. బండి బతికింది, లైను చచ్చింది. ఎందుకు?

ఎందుకంటే రైల్వేలు దాన్ని ఎందుకు కొన్నాయో చూడాలి. అప్పట్లో నష్టం వస్తోందని రైలు ఆపెయ్యాలంటే ప్రభుత్వ నియంత్రణ సంస్థల అనుమతి కావాలి. అంత తేలిగ్గా ఇచ్చేవారు కాదు. ఆపలేం, నడిపితే నష్టం. అలాంటప్పుడు ఇంజనూ, అయిదారు పెట్టెలూ, నిండా సిబ్బందీ ఉన్న రైలు తీసేసి, ఆ స్థానంలో ఒకే ఒక్క ఆర్‌డీసీ పెడితే ఖర్చు ఒక్కసారిగా పడిపోతుంది. వెస్టర్న్ పసిఫిక్ రైల్వే 1950లో చేసింది అదే. ఓక్లండ్ నుంచి సాల్ట్ లేక్ సిటీకి 924 మైళ్ళు, రోజూ నడిచే రైలు తీసేసి వారానికి మూడుసార్లు ఒంటరి ఆర్‌డీసీ. పేరు మాత్రం ముద్దుగా 'జెఫిరెట్'. భోజనం బోగీ లేదు, పడుకునే పెట్టె లేదు, ఒకే కార్లో ఎడారి దాటాలి. ఎవరెక్కుతారు? 1960లో ఎత్తేశారు.

ఇక్కడ ఒక వలయం ఉంది, జాగ్రత్తగా చూడండి. ఖర్చు తగ్గించడానికి ట్రిప్పులు తగ్గిస్తారు. ట్రిప్పులు తగ్గాయి కాబట్టి జనం ఎక్కడం మానేస్తారు. జనం ఎక్కడం లేదు కాబట్టి ఇంకా తగ్గిస్తారు. చివరికి రోజుకి ఒకటి, అదీ ఎవరికీ పనికిరాని వేళ. అప్పుడు లెక్కల పుస్తకం తీసుకెళ్ళి అధికారుల ముందు పెట్టి, "చూడండి, జనానికి రైలు అక్కర్లేదు" అంటారు. అంకెలన్నీ నిజాలే, చెప్పిన కథే అబద్ధం.

కన్సల్టెంటుగా పదేళ్ళలో ఈ కథ నేను కంప్యూటర్ల దగ్గరా చూశాను. ఒక పాత సిస్టమ్‌ని 'మెయింటెనెన్స్ మోడ్'లో పెడతారు. కొత్త ఫీచర్లుండవు, తప్పులు దిద్దడం నెలకోసారి. వాడేవాళ్ళు విసిగిపోయి ఎక్సెల్ షీట్లలోకి వెళ్ళిపోతారు. ఏడాది తిరిగేసరికి ఒక మీటింగులో ఎవరో గ్రాఫు వేసి, "వాడకం డెబ్బై శాతం పడిపోయింది, ఆపేద్దాం" అంటారు. గ్రాఫు ఎందుకు పడిందో ఆ గదిలో ఎవరూ అడగరు.

"అబ్బే, అదంతా కాదు, కార్లొచ్చాయి, 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ రోడ్లొచ్చాయి, విమానాలొచ్చాయి, రైలు ఎలాగైనా పోయేదే" అంటారు కొందరు. ఇందులో చాలా నిజం ఉంది. జెఫిరెట్‌ని ఎవరూ కాపాడలేకపోయేవారేమో. నెవాడా ఎడారిలో వారానికి పద్నాలుగు ట్రిప్పులు నడిపినా ఎక్కడానికి అంత జనమే లేరు. కానీ జనం ఉన్నచోట సంగతేమిటి? అక్కడే నా దగ్గర బలమైన సాక్ష్యం ఉంది, బోస్టన్‌ది.

ఆర్‌డీసీలు అందరికంటే ఎక్కువ కొన్నది బోస్టన్ అండ్ మెయిన్ రైల్వే. నూటికి పైగా. 1950ల చివరికల్లా వాళ్ళ ప్రయాణికుల రైళ్ళన్నీ దాదాపు ఆర్‌డీసీలే. ఉద్దేశం మాత్రం అదే, ఖర్చు తగ్గించడం. ట్రిప్పులు తగ్గుతున్నాయి, జనం తగ్గుతున్నారు, వలయం తిరుగుతోంది. అప్పుడు మసాచుసెట్స్ రాష్ట్రం ఫెడరల్ ప్రభుత్వ సాయంతో ఒక ప్రయోగం చేసింది, 1963-64లో. టిక్కెట్ల ధర తగ్గించారు, ట్రిప్పులు బాగా పెంచారు. గమనించండి, కొత్త బండి కొనలేదు. పట్టాలు మార్చలేదు. స్పీడు పెంచలేదు. అవే కార్లు, అవే స్టేషన్లు, అవే ఊళ్ళు, అదే జనం. మారింది గోడ మీది టైంటేబులు, టిక్కెట్టు మీది అంకె. ఏళ్ళ తరబడి తగ్గుతూ వచ్చిన ప్రయాణికులు తిరిగి పెరిగారు.

ఇంజనీరింగు చదివినవాళ్ళకి ఇంతకంటే శుభ్రమైన ప్రయోగం దొరకదు. బండి, పట్టాలు, ఊళ్ళు స్థిరం, నడిపే తీరు ఒక్కటే మారింది.

నిజాయితీగా రెండో సగం కూడా చెప్పాలి. జనం పెరిగారు గానీ టిక్కెట్ల డబ్బు మొత్తం ఖర్చుకి సరిపోలేదు. ప్రైవేటు కంపెనీ తన జేబులోంచి అలా నడపలేదు. కాబట్టి తేలిందేమిటంటే, ఇది లాభం తెచ్చే వ్యాపారం కాదు, రోడ్డులాగా, మంచినీళ్ళలాగా ఊరికి కావలసిన సదుపాయం, ఊరే డబ్బు పెట్టుకోవాలి. 1964లో ఎంబీటీఏ అనే సంస్థ పుట్టింది. దాని పరిధిలోని ఊళ్ళు తలా కొంత వేసుకుని రైళ్ళు నిలబెట్టుకున్నాయి. ఆ లైన్ల మీద ఈ రోజుకీ జనం ఆఫీసులకెళ్తున్నారు. పరిధి దాటిన ఊళ్ళ సంగతి వేరు. బోస్టన్ నుంచి పోర్ట్‌లండ్, మెయిన్‌కి వెళ్ళే సర్వీసు 1965లో ఆగిపోయింది. మళ్ళీ రైలు రావడానికి 2001 డిసెంబరు దాకా పట్టింది. మధ్యలో ముప్ఫై ఆరేళ్ళు. ఆపడానికి ఒక సంతకం చాలు. తిరిగి తేవడానికి ఒక తరం ఖర్చవుతుంది.

ఇదే సమయంలో బండి మీద మోజు ఎంత దూరం పోగలదో చూపించే ముచ్చట ఒకటుంది. న్యూయార్క్ సెంట్రల్ రైల్వే 1966 జూలైలో ఒక ఆర్‌డీసీ నెత్తిమీద, బి-36 బాంబరు విమానాలకు వాడే రకం జెట్ ఇంజన్లు రెండు బిగించింది. ఒహాయో, ఇండియానా సరిహద్దులో తిన్నటి పట్టాల మీద వదిలితే గంటకి 183.68 మైళ్ళు, దగ్గర దగ్గర 296 కిలోమీటర్లు కొట్టింది. పేపర్లలో ఫోటోలు పడ్డాయి. మరి ఆ రైల్వే ఏమైంది? 1968లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్‌లో కలిసింది, కలిసిన కంపెనీ 1970లో దివాలా తీసింది. స్పీడు సమస్యే కానప్పుడు స్పీడుని సమాధానంగా తెస్తే ఇలాగే ఉంటుంది. పక్క ఊరికి పొద్దున్న ఎనిమిదింటికి బండి లేనివాడికి నెత్తిన జెట్ ఇంజనుంటే ఏం, లేకపోతే ఏం?

బడ్ కంపెనీ 1978లో ఎస్‌పీవీ-2000 అని వారసుణ్ణి దింపింది. అది ఎంత తరచుగా మూలపడేదంటే, ఎస్‌పీవీ అంటే 'ఎప్పుడో గానీ నడవని బండి' అన్న అర్థం వచ్చేలా సిబ్బంది ఇంగ్లీషులో పేరు పెట్టేశారు. ఆపైన అమెరికాలో రైలు పెట్టెల బలానికి సంబంధించిన నిబంధనలు చాలా బరువైనవి. యూరప్‌లో తిరిగే తేలికపాటి రైలు కార్లను ఇక్కడ మామూలు పట్టాల మీద గూడ్సు రైళ్ళతో కలిపి నడపడం చాలాకాలం కుదరలేదు. అందుకే ఒక విచిత్రం జరిగింది. 2009లో ఆరెగన్‌లో బీవర్టన్, విల్సన్‌విల్ మధ్య కొత్త రైలు కార్ల సర్వీసు మొదలైంది. ఆ కార్లు చేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. అదనపు బళ్ళు కావాలంటే అమ్మేవాడు లేడు. చివరికి అలాస్కా రైల్‌రోడ్ దగ్గర 1950ల నాటి ఆర్‌డీసీలు రెండు కొనుక్కొచ్చి పెట్టుకున్నారు. మనవడు కాలు విరగ్గొట్టుకుంటే తాతగారు పొలానికి వెళ్ళినట్టు.

మా డాలస్‌కీ ఈ తాతగారితో చుట్టరికం ఉంది. 1996 డిసెంబరులో డాలస్, ఇర్వింగ్ మధ్య ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు నడిచినవి కెనడా నుంచి కొని బాగుచేయించిన పదమూడు ఆర్‌డీసీలు. 2011లో డెంటన్ నుంచి కారల్టన్‌కి ఏ-ట్రెయిన్ మొదలైనప్పుడు, కొత్త బళ్ళు వచ్చేదాకా లాక్కొచ్చినవీ వాటిలోవే. అప్పటికి వాటి వయసు యాభై పైన. ఇర్వింగ్‌లో మొదటి అపార్ట్‌మెంటు తీసుకున్న మనవాళ్ళెందరో తెలియకుండానే వాటిలో ఎక్కే ఉంటారు.

ఇప్పుడు అసలు ఇప్పటి సంగతి. 2025 అక్టోబరు 25న డాలస్‌లో సిల్వర్ లైన్ మొదలైంది. ప్లానో నుంచి రిచర్డ్‌సన్, యూటీ డాలస్, ఆడిసన్, కారల్టన్ మీదుగా డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు దాకా 26 మైళ్ళు. నడిచేవి స్విట్జర్లాండ్ కంపెనీ స్టాడ్లర్ చేసిన ఫ్లర్ట్ అనే డీజిల్ రైలు కార్లు. మధ్యలో ఒక చిన్న పెట్టెలో ఇంజన్లు పెట్టి, కరెంటు పుట్టించి చక్రాలు తిప్పుతారు. ఆ పెట్టె మధ్యలోంచి నడవా ఉంటుంది, ప్రయాణికులు ఇటునుంచి అటు నడిచిపోవచ్చు. ఆర్‌డీసీ మునిమనవడు అనుకోండి. లైను దారి మాత్రం పాతదే, కాటన్ బెల్ట్ అనే గూడ్సు లైనుది. ఆ దారిని ట్రాన్సిట్ సంస్థ డార్ట్ 1990లోనే కొని పెట్టుకుంది.

ఇది ఎవరికోసం అని మనలో చాలామంది అడుగుతారు. ఇంటికి రెండు కార్లున్నవాళ్ళం, మనకెందుకు? నా జవాబు: మన ఇళ్ళల్లోనే కారు లేనివాళ్ళున్నారు. యూటీ డాలస్‌లో ఎమ్మెస్‌కి వచ్చిన పిల్లలు మొదటి ఏడాది సరుకులకీ, ఎయిర్‌పోర్టుకీ ఎవరి కాళ్ళు పట్టుకోవాలా అని చూస్తుంటారు. డిపెండెంట్ వీసా మీద వచ్చి ఇంకా డ్రైవింగు రాని అమ్మాయిలున్నారు. అన్నిటికంటే ముందు, ఆర్నెల్లకోసారి వచ్చే మన అమ్మానాన్నలున్నారు. ఊళ్ళో పాలకేంద్రం నుంచి బ్యాంకు దాకా తమ కాళ్ళ మీద తిరిగినవాళ్ళు ఇక్కడ కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీలోంచి ఎదురింటి గడ్డి చూస్తూ కూర్చుంటారు. "జైలు బాగానే ఉందిరా, భోజనం కూడా బాగుంది" అనే జోకు మీరూ వినే ఉంటారు.

మా నాన్న మొన్న చలికాలం వచ్చినప్పుడు ఈ రైలు సంగతి చెప్పాను. స్విస్ కంపెనీ, ఇంజను పెట్టెలోంచి నడిచే నడవా, అన్నీ ఊరించి చెప్పాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒకే మాట అడిగారు. "ఎంతసేపటికి ఒకటిరా?" రద్దీ వేళ అరగంటకి, మిగతా వేళ గంటకి అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే పదిన్నరది తప్పితే పదకొండున్నర దాకా అక్కడే కూర్చోవాలన్నమాట. ఫర్లేదు, నాకు పనేముంది. కానీ ఉద్యోగస్తుడైతే స్కూటరు కొనుక్కుంటాడు" అన్నారు. ముప్ఫై రెండేళ్ళు గుంటూరు, తెనాలి మధ్య పాసింజరు బండిలో ఉద్యోగానికి వెళ్ళొచ్చిన మనిషి. ట్రాన్స్‌పోర్టేషన్ ప్లానింగులో పీహెచ్‌డీలు చేసినవాళ్ళు చెప్పేది కూడా అదే, కాకపోతే గ్రాఫులు వేసి చెబుతారు.

గంటకొక బండి మొదలుపెట్టడానికి తప్పు కాదు. కొత్త లైను, దాదాపు రెండు బిలియన్ డాలర్ల ఖర్చు, ఎవరైనా ఆచితూచే అడుగేస్తారు. నా భయం ఇప్పటి గురించి కాదు, రెండేళ్ళ తర్వాత సంగతి. అప్పుడు ఎవరో ఒక గ్రాఫు పట్టుకొస్తారు, అనుకున్నంత మంది ఎక్కడం లేదని. అప్పుడు దారులు రెండుంటాయి. 1963లో మసాచుసెట్స్ చేసినట్టు ట్రిప్పులు పెంచి చూడటం ఒకటి, వెస్టర్న్ పసిఫిక్ చేసినట్టు తగ్గించి చేతులు దులుపుకోవడం రెండోది. ఇది ఊహాగానం కాదు. 2025 నవంబరులోనే ప్లానో, ఇర్వింగ్, ఫార్మర్స్ బ్రాంచ్, హైలండ్ పార్క్ కౌన్సిళ్ళు అసలు డార్ట్‌లో ఉండాలా మానాలా అన్నది 2026 మేలో ఓటుకు పెట్టాలని తీర్మానించాయి. ఆ తగువు ముఖ్యంగా అమ్మకం పన్నులో ఒక సెంటు గురించి, కట్టినదానికి తగ్గ సేవ అందుతోందా అన్నదాని గురించి. అందులో ఎవరి లెక్క ఒప్పన్నది వేరే చర్చ. నేను చెప్పేదల్లా, తక్కువ బళ్ళు నడిపి, తక్కువ మంది ఎక్కారని, దాన్నే సాక్ష్యంగా చూపిస్తే మాత్రం ఒప్పుకోవద్దని.

ఇక మన వైపు. కాకినాడ, కోటిపల్లి లైను సంగతి గోదావరి జిల్లాలవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. 1928లో వేసిన లైను, రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకేశారు. లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగి గారు పట్టుబట్టడంతో తిరిగి వేసే పని కదిలింది, 2004లో మళ్ళీ రైలొచ్చింది. అరవై నాలుగేళ్ళు! తీరా వచ్చాక దాని మీద నడిపింది ఒంటి పెట్టె రైలు బస్సు, రోజుకి ఒకటీ అరా ట్రిప్పులు. రామచంద్రపురం, ద్రాక్షారామం లాంటి జనం కిటకిటలాడే ఊళ్ళు దారిలో ఉన్నాయి. పక్కనే రోడ్డు మీద బస్సులూ, ఆటోలూ పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. ఎదురుచూడక్కర్లేని ఆటో ఉండగా రోజుకొక్కసారి వచ్చే రైలు బస్సుని ఎవరు నమ్ముకుంటారు? సరదాకి ఫోటోలు తీసుకోవడానికి ఎక్కారు. 2020లో కోవిడ్ లాక్‌డౌన్‌తో అది ఆగింది. ఆ లైనుకి జనం లేరని ఎవరైనా అంటే నేను నమ్మను. జనానికి బండి లేదు. వచ్చే రోజుల్లో కోటిపల్లి నుంచి గోదావరి పాయలు దాటి నరసాపురం దాకా లైను పూర్తయినప్పుడు, ప్రారంభోత్సవం రోజున ఎవరు జెండా ఊపారన్నది కాదు, మర్నాడు ఎన్ని బళ్ళు నడిచాయన్నది రాయమని పేపర్లవాళ్ళకి నా మనవి.

రైలు బస్సులాంటి చిన్న బండిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కెనడాలో సడ్బరీ నుంచి వైట్ రివర్ దాకా మూడొందల మైళ్ళ అడవిలో వయా రైల్ వాళ్ళ ఆర్‌డీసీలు ఇప్పటికీ వారానికి మూడుసార్లు వెళ్తాయి. దారిలో ఎక్కడ చెయ్యెత్తితే అక్కడ ఆపుతారు, పడవలు కూడా సామాను గదిలో ఎక్కించుకుంటారు. అక్కడ కొన్ని చోట్లకి రోడ్డే లేదు. అక్కడ వారానికి మూడు చాలు, ఎందుకంటే ఎదుటి పక్షంలో ఆటో లేదు. ప్లానోలోనూ, ద్రాక్షారామంలోనూ ఉంది. ఊరిని బట్టి టైంటేబులు, టైంటేబుల్ని బట్టి బండి. మనం ఎప్పుడూ ఈ వరసని తిరగేసి, ముందు బండి కొని, ఫోటో తీసుకుని, మిగిలిన డబ్బుల్ని బట్టి టైంటేబులు రాస్తాం.

అందుకని ఈసారి మీ ఊళ్ళో, అది ఫ్రిస్కో కానివ్వండి, అమలాపురం కానివ్వండి, కొత్త రైలు వేస్తామని మీటింగు పెడితే, చేతిలో మైకు పడ్డప్పుడు స్పీడెంత అని అడక్కండి. రాత్రి ఆఖరి బండి ఎన్నింటికి, ఒకటి తప్పితే ఇంకొకటి ఎప్పుడు, మొదటి రెండేళ్ళు జనం తక్కువైతే ట్రిప్పులు పెంచుతారా తగ్గిస్తారా, అని అడగండి. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి. ఇక డాలస్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఇంకో చిన్న పని. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నల్ని ఎయిర్‌పోర్టు నుంచి ఒక్కసారి సిల్వర్ లైనులో ఇంటికి తీసుకురండి. సామాను స్నేహితుడి వ్యానులో వేసెయ్యండి. ఏ స్టేషనులో దిగాలో వాళ్ళకి ఒకసారి తెలిస్తే, రెండోసారి మీరు ఆఫీసులో ఉండగా వాళ్ళంతట వాళ్ళే వెళ్ళొస్తారు. గ్రాఫు వేసేవాడికి ఆ రెండు టిక్కెట్లు కూడా లెక్కలోకొస్తాయి.